మత్తు దిగాక

నోట్లో ముక్క తీసి పరీక్షకు పంపేటప్పుడు, డాక్టరు గారి కుర్చీలో కూర్చున్నంతసేపూ పెద్దగా నొప్పి తెలియదు. మత్తు సూది దిగినప్పుడు చురుక్కుమంటుంది. ఆ తర్వాత ఎవరో నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తుంది, అంతే. అసలు నొప్పి ఇంటికి చేరాక మొదలవుతుంది. అప్పటికి డాక్టరు పక్కన ఉండరు. చేతిలో మందుల చీటీ ఉంటుంది, ఇంట్లో తలా ఒక సలహా చెబుతుంటారు, రిపోర్టులో ఏం వస్తుందోనన్న దిగులు లోపల తొలుస్తుంటుంది. ఆ వారం పది రోజుల్లో నోట్లో ఏం జరుగుతుందో, ఏం చేస్తే ఊరట దొరుకుతుందో, అది ఎందుకు దొరుకుతుందో ఈ అధ్యాయంలో చూద్దాం.

దీనికి ఒక అధ్యాయం కేటాయించాల్సినంత అవసరం ఉందా అని అడగొచ్చు. ఉంది. ముక్క పరీక్ష అంటే ఉన్న భయంలో సగం నొప్పి గురించిన భయమే. ఆ భయంతో పరీక్షను వాయిదా వేసుకునేవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. నోటి క్యాన్సర్ మన ప్రాంతానికి కొత్తదీ కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరాలుగా ఉంది. డెన్మార్క్‌కు చెందిన యెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫలీ మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, ఆ వేడికీ పొగకూ అంగిలిలో వచ్చే మార్పులను 1971లో ప్రచురించారు. ఇప్పుడు చుట్ట తగ్గిన చోట గుట్కా, ఖైనీ, వక్కపొడి పొట్లాలు చేరాయి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే, అది ఏమిటో కంటితో చూసి తేల్చడం సాధ్యం కాదు. ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే.

ఇక్కడొక చిక్కుంది. నోటి క్యాన్సర్ తొలి దశలో తరచూ నొప్పి ఉండదు. నొప్పి లేని మచ్చ కోసం నొప్పి పుట్టే పని ఎందుకు చేయించుకోవాలని జనం అడుగుతారు. దానికి తోడు, కత్తి తగిలితే జబ్బు పాకుతుందన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది. ముక్క తీయడం వల్ల నోటి క్యాన్సర్ ముదురుతుందనడానికి ఆధారం లేదు. పరీక్ష ఆలస్యమైతే ముదురుతుందనడానికి మాత్రం ఏ క్యాన్సర్ ఆసుపత్రి వార్డుకు వెళ్లినా ఆధారాలు కనిపిస్తాయి.

ముందు మత్తు సంగతి. మన దగ్గర దంత వైద్యులు ఎక్కువగా వాడేది లిగ్నొకెయిన్. 1943లో స్టాక్‌హోమ్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ దీన్ని తయారు చేశారు. లుండ్‌క్విస్ట్ మొదట తన ఒంటి మీదే దాన్ని పరీక్షించుకున్నాడు. అంతకు ఆరు దశాబ్దాల ముందు, 1884లో, కార్ల్ కొల్లర్ కంటి శస్త్రచికిత్సకు కొకెయిన్ వాడి, ఒక్క చోటికే మత్తు ఇవ్వొచ్చని లోకానికి చూపించాడు. కానీ కొకెయిన్ అలవాటుగా మారి మనుషుల్ని తినేసింది. లిగ్నొకెయిన్‌తో ఆ బెడద లేదు. నరం వెంట నొప్పి కబురు పరిగెత్తాలంటే నరం పొరలోని సన్నని ద్వారాల గుండా సోడియం లోపలికి దూకాలి. లిగ్నొకెయిన్ ఆ ద్వారాల్లో అడ్డంగా కూర్చుంటుంది. గాయం గాయంగానే ఉంటుంది, కబురు మాత్రం మెదడుకు చేరదు. దానితోపాటు కలిపే కొంచెం అడ్రినలిన్ రక్తనాళాలను బిగించి, మందు అక్కడి నుంచి త్వరగా కొట్టుకుపోకుండా ఆపుతుంది. అందుకే పెదవి, బుగ్గ రెండు నుంచి నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువసేపు, మొద్దుబారి ఉంటాయి.

ఈ గంటల్లో జాగ్రత్త పడాల్సింది నొప్పి గురించి కాదు, నొప్పి లేకపోవడం గురించి. తిమ్మిరెక్కిన పెదవిని పంటితో కొరుక్కున్నా తెలియదు, కాఫీ కాలినా తెలియదు. మత్తు దిగాక ముక్క తీసిన గాయం కంటే ఆ కొరుక్కున్న గాయమే ఎక్కువ బాధిస్తుంది. కాబట్టి స్పర్శ తిరిగొచ్చేదాకా నమిలే తిండి, వేడి పానీయాలు వద్దు. ఈ గంటల్లోనే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. మొదటి నొప్పి మాత్ర వేసుకోవడం.

నొప్పి వచ్చాక కదా మాత్ర, రాకముందే ఎందుకు? కణజాలం తెగినప్పుడు కణాల పొరల్లోని కొవ్వు పదార్థం నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. ఇవి అక్కడి నరాల కొసలను అతిగా స్పందించేలా చేస్తాయి. మామూలుగా పట్టించుకోని చిన్న తాకిడికి కూడా నరం కేక పెడుతుంది. ఆస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని 1971లో లండన్‌లో జాన్ వేన్ కనిపెట్టాడు. 1982లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. ఐబుప్రోఫెన్ పనిచేసేదీ ఆ దారిలోనే. ఈ మందులు కొత్తగా తయారీ కాకుండా ఆపుతాయే తప్ప, అప్పటికే తయారై నరాన్ని రెచ్చగొట్టిన వాటిని తుడిచేయలేవు. మత్తు ఉండగానే మాత్ర వేసుకుంటే, మత్తు దిగే వేళకు మందు రక్తంలో సిద్ధంగా ఉంటుంది. నొప్పి తారస్థాయికి వెళ్లాక వేసుకుంటే, మాత్ర పని మొదలయ్యేదాకా ముప్పావు గంటో గంటో పళ్ల బిగువున ఓర్చుకోవాలి.

చాలామంది పెద్దవాళ్లకు పారాసెటమాల్ ఒక్కటే సరిపోతుంది. ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, మళ్లీ మాత్ర వేసుకోవడానికి మధ్య ఆరు గంటలు, రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బున్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, బాగా బక్కచిక్కినవాళ్లు ఇంకా తక్కువలో ఆగాలి. ఎంతలో ఆగాలో డాక్టరును అడగాలి. పొగాకుతోపాటు మద్యం అలవాటూ ఉన్నవాళ్లే ముక్క పరీక్షకు ఎక్కువగా వస్తారు కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను. ఇంకో ప్రమాదం మనకు తెలియకుండానే జరుగుతుంది. మందుల షాపులో ఇచ్చే కాంబినేషన్ మాత్రల్లో అప్పటికే పారాసెటమాల్ ఉంటుంది. దాని మీద జ్వరం మాత్ర ఇంకొకటి వేసుకుంటే లెక్క రెట్టింపవుతుంది. స్ట్రిప్పు వెనక రాసి ఉన్న పేర్లు ఒకసారి చదవండి, కళ్లు ఆనకపోతే ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి.

పారాసెటమాల్‌కు లొంగకపోతే ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు, ఏదైనా తిన్నాక. ఈ రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి కలిపి వాడితే ఒక్కొక్కటీ ఇచ్చే ఊరట కంటే ఎక్కువ దొరుకుతుంది. ఇది ఊహ కాదు. నొప్పి మందుల్ని పరీక్షించడానికి పరిశోధకులు దశాబ్దాలుగా వాడుతున్న కొలబద్ద జ్ఞానదంతం పీకించుకున్నవాళ్ల నొప్పే. అందుకే నోటి నొప్పికి ఏ మందు ఎంత పనిచేస్తుందో వైద్యశాస్త్రానికి బాగా తెలుసు. అయితే కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, మాత్రలకు రేగే ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరు చెప్పనిదే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ముట్టుకోవద్దు. వానాకాలంలో మన ఊళ్లలో డెంగీ తిరుగుతున్నప్పుడు జ్వరం కూడా తగిలితే పారాసెటమాల్ తప్ప మరొకటి వద్దు. ప్లేట్‌లెట్లు తగ్గే జబ్బుకు, ప్లేట్‌లెట్లను మందగింపజేసే మందు తోడవకూడదు.

ఆస్పిరిన్ సంగతి వేరుగా చెప్పాలి. నొప్పికి దాన్ని వేసుకోవద్దు. అది ప్లేట్‌లెట్లను వాటి ఆయుష్షు తీరేదాకా, అంటే వారం పది రోజులు, పనిచేయకుండా చేస్తుంది. గాయం నుంచి రక్తం ఊరుతూ ఉంటుంది. కానీ గుండె కోసం రోజూ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లు ఈ మాట చదివి సొంతంగా ఆపేయకూడదు. నోట్లో రక్తాన్ని నొక్కి ఆపొచ్చు, గుండెలో గడ్డకట్టిన రక్తాన్ని అలా తీయలేం. ఇక మాత్రను నలిపి పుండు మీద పెట్టే అలవాటు ఉంది చూడండి, దానివల్ల నొప్పి తగ్గదు సరికదా ఆ ఆమ్లానికి చర్మం తెల్లగా కాలిపోతుంది. లవంగ నూనె కూడా అంతే. పంటి పుచ్చుకు కొంత ఊరటనిచ్చినా, పచ్చి గాయం మీద చిక్కటి నూనె పూస్తే కాలుతుంది. పసుపు అద్దడం, ముక్కుపొడి పెట్టడం, పొగాకు కలిసిన పళ్లపొడి రుద్దడం కూడా వద్దు. ముక్కుపొడి, పళ్లపొడి అయితే ఏ జబ్బు ఉందేమోనని ముక్క తీశారో దానికే ఎరువు.

రక్తం విషయంలో మొదటి రోజు ఉమ్ములో ఎర్రజీర కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఒక్క చుక్క రక్తం నోటినిండా ఉన్న లాలాజలాన్ని ఎర్రగా మార్చేస్తుంది, చూసేవాళ్లకు గిన్నెడు పోయినట్టు అనిపిస్తుంది. శుభ్రమైన గాజుగుడ్డను మడిచి, తడిపి, గాయం మీద పెట్టి ఇరవై నిమిషాలు గట్టిగా నొక్కిపట్టాలి. గడియారం చూసి మరీ. రెండు నిమిషాలకోసారి తీసి చూస్తే అప్పుడే కడుతున్న గడ్డ గుడ్డతోపాటు ఊడొస్తుంది. నోటికి ఒక ప్రత్యేకత ఉంది. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే గుణం లాలాజలానికి ఉంది. అందుకే మొదటి 24 గంటలూ పుక్కిలించడం, కాండ్రించి ఉమ్మడం, స్ట్రాతో పీల్చడం వద్దంటారు. రక్తస్రావం ఆగని జబ్బులున్నవాళ్లకు డాక్టర్లు ట్రానెక్సామిక్ ఆమ్లం కలిపిన నీళ్లిస్తారు. గడ్డ కరగకుండా కాపాడే ఆ మందును జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే కనిపెట్టి 1962లో ప్రకటించారు. బుగ్గకు, పెదవికి చేసిన గాయమైతే మొదటి రోజు బయటి నుంచి, గుడ్డలో చుట్టిన ఐసుముక్క పది పదిహేను నిమిషాలు పెట్టి, అంతసేపూ తీసి, మళ్లీ పెడితే వాపూ నొప్పీ రెండూ అణుగుతాయి.

తెలుగువాళ్లకు ఈ వారం రోజుల్లో అన్నిటికంటే కష్టమైనది కారం మానడం. గాయం మీద కారం పడితే మంట ఎందుకో 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం తేల్చింది. మిరపలోని కాప్సైసిన్ అంటుకునే ప్రొటీన్ ఒకటి నరాల కొసల మీద ఉంది. అదే ప్రొటీన్ వేడిని కూడా పసిగడుతుంది. ఉష్ణోగ్రత దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే తెరుచుకుని, కాలుతోందని మెదడుకు చెబుతుంది. మిరపకాయ దాన్ని వేడి లేకుండానే తెరుస్తుంది. అందుకే కారానికీ నిప్పుకూ మెదడులో ఒకే అనుభూతి. ఈ పరిశోధనకు జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నాడు. మన అవసరానికి ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ప్రోస్టాగ్లాండిన్లు చేరిన వాపు చోట ఈ ప్రొటీన్ తెరుచుకునే ఉష్ణోగ్రత కిందికి దిగిపోతుంది. పులుపు కూడా దాన్ని రెచ్చగొడుతుంది. కాబట్టి ఎప్పుడూ తాగే వేడి టీ, ఎప్పుడూ తినే చింతపండు చారు, రోజూ కలుపుకునే ఆవకాయ ఈ వారం నిజంగానే కాలుస్తాయి. పుట్టినప్పటి నుంచీ గుంటూరు కారం తిన్న నోరైనా సరే, పచ్చి గాయం ముందు ఆ అలవాటు పనికిరాదు.

పొరపాటున కారం తగిలితే నీళ్లు తాగి లాభం లేదు. కాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలోని కేసీన్ ప్రొటీన్ దాన్ని పట్టి లాగేస్తుంది. చల్లని పాలు, పెరుగు నోట్లో కాసేపు ఉంచుకుంటే మంట దిగుతుంది. ఆ లెక్కన ఈ రోజులకు పెరుగన్నం కంటే మంచి తిండి నాకు తోచదు. మెత్తగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, బలం ఇస్తుంది. చల్లారిన రాగిజావ, సగ్గుబియ్యం జావ, పాలలో నానిన ఇడ్లీ, గుజ్జుగా ఉడికిన పప్పన్నంలో నెయ్యి, అరటిపండు, ఉడికిన గుడ్డు కూడా బాగుంటాయి. జంతికలు, చేగోడీలు, అప్పడాలు, వేయించిన పల్లీలు గీరుకుంటాయి. వాటిని పది రోజులు పక్కన పెట్టండి. ఆకలితో మాత్రం ఉండకండి. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. చక్కెర జబ్బు ఉండి మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు తిండి మానేస్తే అసలుకే మోసం వస్తుంది.

రెండో రోజు, మూడో రోజు అద్దంలో చూసుకుంటే గాయం మీద తెల్లగానో, పసుప్పచ్చగానో ఒక పొర కనిపిస్తుంది. చీము పట్టిందని చాలామంది హడలిపోతారు, కొందరు గుడ్డతో రుద్ది తీసేస్తారు. అది చీము కాదు. మోకాలి దెబ్బకు కట్టే పక్కు లాంటిదే, కాకపోతే నోట్లో ఎప్పుడూ తడి కాబట్టి ఎండి నల్లబడదు. దాని చాటున కొత్త చర్మం పక్కల నుంచి జరిగి వస్తుంటుంది. దాన్ని కదపకండి, వేలితో తడమకండి, నాలుకతో నిమరకండి. నోటి గాయాలు చర్మం మీది గాయాల కంటే త్వరగా, మచ్చ తక్కువగా మానతాయి. లాలాజలంలో కణాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్లు ఉండటం అందుకు ఒక కారణం.

మొదటి 24 గంటలు గడిచాక ఉప్పునీళ్లు మొదలుపెట్టొచ్చు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు. ఆ పాళ్లు దాదాపు మన ఒంట్లోని ద్రవాల ఉప్పదనానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి మండదు. ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందనుకుని గుప్పెడు వేయకండి. తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, మెల్లగా వదిలేయాలి. గరగరలాడించనక్కర్లేదు. క్లోర్‌హెక్సిడిన్ రాసిస్తే రోజుకు రెండుసార్లు, పళ్లు తోముకున్న అరగంట తర్వాత వాడాలి, ఎందుకంటే పేస్టులోని నురగ పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది. కొన్నాళ్లు వాడితే పళ్లకు గోధుమరంగు మరక పడుతుంది, అది శాశ్వతం కాదు. పళ్లు మాత్రం మొదటి రాత్రి నుంచే తోముకోవాలి. గాయం ఉన్న చోటు వదిలి, మెత్తని బ్రష్షుతో.

గాయం ఎక్కడుందన్నదాన్ని బట్టి బాధ మారుతుంది. నాలుక ఎప్పుడూ కదులుతుంది కాబట్టి అక్కడ నొప్పి ఎక్కువ రోజులుంటుంది, మాట తగ్గించడం కూడా మందే. అంగిలి మీద కుట్లు వేయడానికి వీలు తక్కువ. అక్కడ గుంట దానంతటదే పూడాలి, రెండు మూడు వారాలు పట్టొచ్చు. పెదవి లోపల లాలాజల గ్రంథులు తీసినప్పుడు అక్కడ కొంతమేర స్పర్శ కొన్ని వారాలు మందగించవచ్చు. కరిగే కుట్లు వాటంతటవే రాలతాయి. పట్టుదారంతో వేసినవైతే వారం లోపు వెళ్లి తీయించుకోవాలి. కుట్టు కొస గుచ్చుకుంటోందని ఇంట్లో కత్తెరతో కత్తిరించకండి.

మనసు సంగతి ఆఖర్న చెప్పినా అది చిన్న సంగతి కాదు. 1978లో కాలిఫోర్నియాలో జాన్ లెవిన్, న్యూటన్ గోర్డన్, హోవర్డ్ ఫీల్డ్స్ జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లకు మందు లేని సూది ఇచ్చి చూశారు. కొందరికి నిజంగా నొప్పి తగ్గింది. తర్వాత మార్ఫిన్‌కు విరుగుడైన నలోక్సోన్ ఇస్తే ఆ తగ్గిన నొప్పి మళ్లీ పెరిగింది. అంటే, ఊరట దొరుకుతుందన్న నమ్మకంతో మెదడు తన సొంత నొప్పి మందును విడుదల చేసిందన్నమాట. దిగులు దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. రిపోర్టు కోసం ఎదురుచూసే మనిషికి అదే గాయం ఎక్కువ నొప్పి పెడుతుంది, అది నాటకం కాదు. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని మాట్లాడటం, రాత్రి పడుకునే ముందు మాత్ర మరిచిపోకుండా ఇవ్వడం, రెండు తలగడలు వేసి తల ఎత్తుగా పడుకోబెట్టడం వైద్యంలో భాగమే. ఆ వారం పొగాకు, మద్యం ఇంట్లో కనపడకుండా చేయడం కూడా వాళ్ల పనే.

మామూలుగా నొప్పి మొదటి రెండు రోజులు ఎక్కువగా ఉండి, మూడో రోజు నుంచి దిగుతూ రావాలి. ఆ వరస తలకిందులైతే, అంటే తగ్గిన నొప్పి మూడో రోజు తర్వాత మళ్లీ పెరుగుతుంటే, మాత్రలు పెంచుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇరవై నిమిషాలు చొప్పున రెండుసార్లు నొక్కినా ఆగని రక్తం, 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, దుర్వాసనతో కారే చీము, మర్నాటికి కూడా వదలని తిమ్మిరి ఉన్నా వెళ్లాలి. నాలుక కింద గానీ మెడలో గానీ వాపు పెరిగి, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే 108కు ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగకండి.

తీసిన ముక్క ఈలోగా ఫార్మాలిన్‌లో గట్టిపడి, మైనంలో పొదిగి, మిల్లీమీటరులో రెండు వందల వంతు మందాన కోతలుగా మారి, రంగులద్దుకుని పాథాలజిస్టు కంటి ముందుకు చేరుతుంది. దానికి కొన్ని రోజులు పడుతుంది. చాలామంది సరిగ్గా అప్పటికి నొప్పి పోయి, కారం తినగలుగుతుంటారు. పనుల్లో పడి, లేదా ఏం వినాల్సి వస్తుందోనన్న భయంతో, రిపోర్టు తీసుకోవడానికి వెళ్లనివాళ్లు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. పుండు మానినంత మాత్రాన జబ్బు లేదని కాదు, నొప్పి తగ్గినంత మాత్రాన మచ్చ మంచిదని కాదు. చీటీ మీద రాసిన తేదీకి, ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని వెళ్లి, రిపోర్టు తెచ్చుకుని డాక్టరుకు చూపించండి.